పంపు మార్చకు, గ్యాస్ సంగతి చూడు: బరువైన క్యారవాన్‌కి హైడ్రాలిక్ సస్పెన్షన్ సెట్ చేయడం

తమ్ముడూ, ముందు నీ పరిస్థితి నాకు అర్థమైనంతలో చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దు. మినీ బస్సు ఛాసిస్ మీద షూటింగులకి తిప్పే క్యారవాన్ కట్టించావు. కాంటా మీద మొత్తం 7,400 కేజీలు తూగింది. ముందు యాక్సిల్ మీద 2,600, వెనక 4,800. కమాన్ పట్టీలు తీయించి, లింకులు వేయించి, నాలుగు చక్రాల దగ్గరా హైడ్రాలిక్ సిలిండర్లు పెట్టించావు. ముందు 40 ఎంఎం బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), వెనక 50. ఒక్కోదానికి 0.32 లీటర్ల అక్యుములేటర్ (మధ్యలో డయాఫ్రమ్ అనే రబ్బరు పొర, దానికి ఒక వైపు గ్యాసు, రెండో వైపు ఆయిల్ ఉండే గట్టి డబ్బా), అన్నిట్లోనూ 90 బార్ ప్రెషర్‌తో నైట్రోజన్. నాలుగు అక్యుములేటర్లనీ డిక్కీలో పంపు పక్కనే వరసగా బిగించి, అక్కడి నుంచి చక్రాలకి 3/8 అంగుళం హోస్ పైపులు లాగించావు. వెనక చక్రాలకే ఒక్కోటి దాదాపు 4 మీటర్లు వచ్చింది.

ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి బాగానే పోతోంది. ఊళ్ళోకి వచ్చేసరికి ఫ్లైఓవర్ జాయింట్ల మీద అదురు, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు కింద నుంచి దడ్‌మని దెబ్బ, లోపల మేకప్ కుర్చీలో కూర్చున్నవాళ్ళ తిట్లు. మూడు నెలల్లో రెండుసార్లు సీల్ కిట్లు పోయాయి. ఇప్పుడు మీ మిస్త్రీ రెండో పంపు వేసి ప్రెషర్ పెంచుదాం అంటున్నాడు. వేయించాలా వద్దా అని అడిగావు.

వద్దు. ఆ డబ్బు అట్టే పెట్టుకో. పంపుకీ ప్రయాణం సుఖానికీ సంబంధం లేదు. పంపు చేసే పని ఒక్కటే, బండిని కావలసిన ఎత్తుకి లేపడం. లేపాక అది నిద్రపోతుంది. బండి రోడ్డు మీద నడుస్తున్నప్పుడు పని చేసేది నీ అక్యుములేటర్లలో ఉన్న గ్యాసు, ఆ గ్యాసు దాకా ఆయిల్ పోయే దారి. నీ బండిలో ఈ రెండూ తప్పుగా ఉన్నాయి.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో 26 ఏళ్ళుగా హైడ్రాలిక్ పనిలో ఉన్నాను. టిప్పర్ జాకీలు, చెత్త లారీల కాంపాక్టర్లు, తర్వాత క్యారవాన్లు, ప్రచార రథాలు. ఈ పొరపాటు చాలా బండ్లలో చూశాను, ఒకప్పుడు నేనూ చేశాను. మీ మిస్త్రీని తప్పు పట్టను. మనవాళ్ళు చాలామంది ఈ పని కాలిఫోర్నియా లోరైడర్ వీడియోలు చూసి నేర్చుకున్నారు. అక్కడ 1950ల చివర్లో పాత విమానాల హైడ్రాలిక్ సామాను తెచ్చి కార్లకి పెట్టడం మొదలుపెట్టారు. కారును నేలకి దించడం, లేపడం, గెంతించడం వాళ్ళ సరదా. గెంతాలంటే పెద్ద పంపు, ఎక్కువ ప్రెషర్, గట్టి సెటప్ కావాలి. నీకు కావలసింది దానికి సరిగ్గా తిరగేసిన పని.

ఆయిల్ నలగదు. ఇది గుర్తుంటే మిగతా అంతా దారిలోకి వస్తుంది. సిలిండర్‌లో ఆయిల్ నింపి మూసేస్తే అది ఇనప కడ్డీతో సమానం. స్ప్రింగ్‌లా నలిగేది గ్యాసు మాత్రమే. కాబట్టి మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అన్నది, బండి తన బరువు మీద నిలబడి ఉన్నప్పుడు అక్యుములేటర్‌లో గ్యాసు ఎంత జాగాలో ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. జాగా ఎక్కువైతే మెత్తన, తక్కువైతే గట్టి.

ఇప్పుడు నీ లెక్క వేద్దాం. వెనక యాక్సిల్ మీద 4,800 కేజీల్లో యాక్సిల్, డబుల్ టైర్లు, హబ్బులు, బ్రేకు డ్రమ్ములు కలిపి ఒక 800 తీసెయ్, అవి స్ప్రింగ్ కింద ఉండే బరువు. మిగిలింది 4,000, అంటే ఒక్కో సిలిండర్ మీద 2,000 కేజీలు. 50 ఎంఎం బోరు వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే 100 బార్ వస్తుంది (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కేజీ ఒత్తిడి). బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు వెనక సిలిండర్‌లో ఉండే ప్రెషర్ ఇది. నీ గేజ్ మీద కూడా ఇటూ ఇటుగా ఇదే కనిపించాలి.

అక్యుములేటర్‌లో ముందే నింపిన నైట్రోజన్ 90 బార్. 100 బార్ ఆయిల్ వచ్చి తోస్తే 0.32 లీటర్ల గ్యాసు 0.288 లీటర్లకి తగ్గుతుంది. తేడా 32 సీసీ. ఈ 32 సీసీని సిలిండర్ వైశాల్యంతో భాగించు, 1.6 సెంటీమీటర్లు. చక్రం కిందికి దిగడానికి నువ్వు ఇచ్చిన జాగా అంతే! గుంత అంచు దాటగానే, స్పీడ్ బ్రేకర్ అవతల వైపు దిగగానే చక్రం కిందికి జారాలి. ఒకటిన్నర సెంటీమీటరు జారేసరికి అక్యుములేటర్‌లో ఆయిల్ అయిపోయింది, డయాఫ్రమ్ వెళ్ళి అడుగున తగిలింది, చక్రం గాల్లో వేలాడుతోంది, తర్వాత నేలకి కొట్టుకుంది. నువ్వు వింటున్న దడ్ అదే. లింకు బుష్‌లు మార్చినా అది పోదు.

పై దెబ్బకి ఏమవుతుందో చూడు. చక్రం 8 సెంటీమీటర్లు పైకి లేస్తే 157 సీసీ ఆయిల్ అక్యుములేటర్‌లోకి పోవాలి. 0.288 లీటర్ల గ్యాసు ఒక్కసారిగా 0.131కి నలుగుతుంది. అంత వేగంగా నలిగితే గ్యాసు వేడెక్కుతుంది కూడా, అందుకే ప్రెషర్ 300 బార్ దాటుతుంది. ఇంకో రెండు సెంటీమీటర్లు పోతే 500కి దగ్గర. సీల్ కిట్లు ఎందుకు పోతున్నాయో వేరే చెప్పాలా?

మెకానిక్కులు మోసపోయేది ఎక్కడంటే, నిలబడ్డ బండిని వెనక నుంచి ఒత్తి చూస్తే మెత్తగానే అనిపిస్తుంది. నీ వెనక సెటప్ సెకనుకి 1.5 ఊపుల దగ్గర ఉంది, అది చెడ్డ లెక్కేమీ కాదు. ఔటర్ లాంటి నున్నటి రోడ్డు మీద చక్రం కదిలేదే ఒక సెంటీమీటరు, అందుకే అక్కడ నీకు సుఖంగా ఉంది.

ముందు చక్రాల కథ ఇంకా ఘోరం. 2,600లో స్ప్రింగ్ కింద బరువు ఒక 450 తీసేస్తే ఒక్కో వైపు దాదాపు 1,075 కేజీలు, 40 ఎంఎం బోరుకి 84 బార్. నైట్రోజన్ 90! గ్యాసు ప్రెషర్ బరువు ప్రెషర్ కన్నా ఎక్కువగా ఉంటే ఆయిల్ అసలు లోపలికే పోదు. 7 శాతం అదనపు దెబ్బ తగిలేదాకా నీ ముందు యాక్సిల్ రాయిలా కూర్చుంటుంది. కిందికి దిగాల్సి వస్తే అసలు దిగదు. డ్రైవర్ భుజాలు నొప్పులంటున్నాడని రాశావు, అతను నిజమే చెబుతున్నాడు. అతని కింద ఉన్న స్ప్రింగ్ టైరు ఒక్కటే.

సరే, ఎంత ఉండాలి? మనిషి ఒళ్ళు పైకీ కిందికీ సెకనుకి 4 నుంచి 8 సార్లు అదిరే అదురుని అన్నిటికన్నా తక్కువగా ఓర్చుకుంటుంది. అదే సెకనుకి అరసారి కన్నా నెమ్మదిగా ఊగితే కడుపులో తిప్పుతుంది, పడవలో లాగా. ఈ రెంటికీ దూరంగా, సెకనుకి 1 నుంచి 1.5 ఊపుల మధ్య బండి శరీరం ఊగేలా సెట్ చేస్తారు. ఎత్తైన క్యారవాన్‌కి నేనైతే వెనక 1.2 చుట్టూ, ముందు 1.1 చుట్టూ పెడతాను. ముందు కాస్త మెత్తగా ఎందుకంటే గతుకు ముందు చక్రాలకి మొదట తగులుతుంది, వెనకవాటికి కాస్త ఆలస్యంగా. వెనక భాగం కొంచెం చురుగ్గా ఊగితే ముందుదాన్ని అందుకుని రెండూ కలిసి ఆగుతాయి. రెండూ ఒకేలా ఉన్నా, ముందు గట్టిగా ఉన్నా బండి గుర్రంలా ముందుకీ వెనక్కీ తల ఊపుతుంది. కార్ల కంపెనీలకి ఇది 1930ల నుంచే తెలుసు.

నీ బోర్లు మార్చనక్కర్లేదు. వెనక 0.75 లీటర్ల అక్యుములేటర్లు, నైట్రోజన్ 60 బార్. బండి నిలబడితే గ్యాసు 0.45 లీటర్ల దగ్గర ఉంటుంది, ఊపు సెకనుకి 1.23 వస్తుంది. చక్రం కిందికి దిగడానికి 15 సెంటీమీటర్ల దాకా ఆయిల్ ఉంటుంది. 8 సెంటీమీటర్ల పై దెబ్బకి ప్రెషర్ 180 చుట్టూ ఆగుతుంది. ముందు 0.5 లీటర్లు, అదే 60 బార్, 1.1 వస్తుంది. 100 బార్ దగ్గర నైట్రోజన్ పుస్తకంలో చెప్పినదాని కన్నా కాస్త గట్టిగా ప్రవర్తిస్తుంది, కాబట్టి నిజంలో ఈ అంకెలు కొంచెం ఎక్కువే వస్తాయి. పర్వాలేదు. 8 సెంటీమీటర్ల దగ్గర రబ్బరు బంప్ స్టాప్ మాత్రం తప్పకుండా ఉండాలి, ప్రెషర్ అంతకు మించి పోకుండా ఆపేది అదే.

ఒకటి గమనించు. కమాన్ పట్టీల బండికి బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది. ఇందులో తిరగబడుతుంది, బరువు పెరిగితే గ్యాసు ఇంకా నలిగి స్ప్రింగ్ గట్టిపడుతుంది. బరువు 10 శాతం పెరిగితే గట్టిదనం 21 శాతం పెరుగుతుంది. నీ బండికి నీళ్ళ ట్యాంకు నిండినా ఖాళీ అయినా తేడా ఒక 400 కేజీలే కాబట్టి బాధ లేదు. ఇదే సెటప్ ఖాళీగా వెళ్ళి నిండుగా వచ్చే లారీకి పెడితే నడవదు.

ఇంకోటి, మొత్తం బరువు చాలదు. ఒక వైపు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా నిలబెట్టి ఎడమ ఎంత, కుడి ఎంత అని విడిగా తూయించు. క్యారవాన్లలో జనరేటర్ ఒక వైపు, బాత్రూమ్, నీళ్ళ ట్యాంకు ఇంకో వైపు పెడతారు, రెండూ సమానంగా ఎప్పుడూ రావు. రెండు మూడు వందల కేజీల తేడా చాలాసార్లు చూశాను. తేడా ఉంటే నైట్రోజన్ కూడా ఆ లెక్కన వేరువేరుగా పెట్టాలి. నీళ్ళు నిండుగా, సామానంతా లోపల ఉండగా తూయించు. కట్టిన రోజు ఖాళీ బండిని తూయించి లెక్కలు వేసుకునేవాళ్ళు ఉన్నారు, అది దండగ పని.

ఇక దారి సంగతి. నువ్వు అక్యుములేటర్లని డిక్కీలో అందంగా వరసగా పెట్టించావు, ఫొటోలో బాగుంది. ఫొటోకే బాగుంది. గతుకు తగిలినప్పుడు చక్రం సెకనుకి అర మీటరు వేగంతో లేవడం మామూలు విషయం. ఆ వేగానికి నీ వెనక సిలిండర్ నిమిషానికి దాదాపు 59 లీటర్ల లెక్కన ఆయిల్ తోస్తుంది. 3/8 అంగుళం పైపులో అది సెకనుకి 14 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఫ్లైఓవర్ జాయింట్ లాంటి పదునైన అంచుకి వేగం రెట్టింపైతే ప్రెషర్ నష్టం నాలుగింతలవుతుంది. దానికి తోడు ఎల్బోలు, అడాప్టర్లు. 3/8 ఫిట్టింగ్ లోపలి రంధ్రం పైపు కన్నా ఇంకా సన్నం.

ఇది సగం కథే. 4 మీటర్ల పైపులో ఉన్న ఆయిల్ బరువు పావు కేజీ. ఏముందిలే అనిపిస్తుంది. కానీ సిలిండర్ వైశాల్యం పైపు వైశాల్యానికి 27 రెట్లకు పైగా ఉంది. చక్రం కొద్దిగా కదిలితే ఆ పావు కేజీ ఆయిల్ 27 రెట్ల వేగంతో కదలాలి. దాన్ని కదిలించడానికి చక్రానికి పట్టే బలం ఆ రెట్ల వర్గం లెక్కన పెరుగుతుంది. అంటే చక్రానికి అది పావు కేజీలా కాదు, దాదాపు 190 కేజీల బరువు అదనంగా తగిలించినట్టు అనిపిస్తుంది. పదునైన దెబ్బకి ఆ బరువు కదలనని మొరాయిస్తుంది, దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోతుంది. జాయింట్ల మీద వచ్చే అదురు ఇదే. అదే 3/4 అంగుళం దారి, 20 సెంటీమీటర్ల పొడవు పెడితే ఆ 190 కాస్తా రెండున్నర కేజీలకి పడిపోతుంది.

అందుకే సిట్రోయెన్ కంపెనీ 1955లో డీఎస్ కారు తెచ్చినప్పుడే గ్యాస్ గోళాన్ని, అంటే వాళ్ళ అక్యుములేటర్‌ని, సిలిండర్ నెత్తినే బిగించింది. మధ్యలో పైపు లేదు. మన సైన్యం అర్జున్ ట్యాంకు కూడా ఆయిల్, గ్యాస్ సస్పెన్షన్ మీదే నడుస్తుంది. నువ్వూ అక్యుములేటర్‌ని సిలిండర్ మీదికో, పక్కన బ్లాకు చేయించి దాని మీదికో తీసుకురా. బాలానగర్‌లో లేత్, మిల్లింగ్ ఉన్న ఏ షాపులోనైనా ఆ బ్లాకు చేస్తారు, లోపలి రంధ్రం 18 ఎంఎంకి తగ్గొద్దని గట్టిగా చెప్పు. పంపు నుంచి వచ్చే పైపు మాత్రం 3/8 ఉన్నా సరిపోతుంది, అది ఎత్తు సరిచేయడానికే కదా. ఎక్కడైనా హోస్ తప్పదంటే రెండు వైర్ల అల్లిక ఉన్నదే వాడు. 3/4 సైజులో అది 215 బార్‌కి పనికొస్తుంది, నీ 180కి చాలు. ఇదివరకటి 300కి చాలదు.

షాక్ అబ్జార్బర్ల గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు, అంటే లేవనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఆ సన్న పైపులే ఏదో మేరకు ఆ పని చేశాయి. దారి వెడల్పు చేయగానే బండి ఊయలలా ఊగుతుంది, అప్పుడు నన్ను తిట్టుకోకు. రెండు మార్గాలున్నాయి. ఒకటి, బ్లాకులోనే సన్న రంధ్రం, వన్-వే వాల్వ్ పెట్టి ఆయిల్‌ని ఆపడం. అలా అయితే వెనక సిలిండర్‌కి చక్రం కిందికి దిగే దిశలో 4.5 ఎంఎం రంధ్రం, పైకి లేచే దిశలో 6.5 దగ్గర మొదలుపెట్టి, రోడ్డు మీద తిప్పుకుంటూ అర ఎంఎం చొప్పున మార్చుకోవాలి. దిగే దిశలో ఎప్పుడూ ఎక్కువ పట్టు ఉండాలి. రెండోది, మామూలు బస్సు షాక్ అబ్జార్బర్లు బయట విడిగా బిగించడం. నా ఓటు రెండోదానికే. ఉత్త రంధ్రం నెమ్మది కదలికకి పట్టు ఇవ్వదు, వేగం కదలికకి మరీ పట్టేస్తుంది. షాక్ అబ్జార్బర్ లోపల వాల్వులు ఆ రెంటినీ చూసుకుంటాయి. పైగా పాడైతే ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

సరిపోయిందో లేదో చూడడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక యాక్సిల్ రెండు చక్రాలనీ 5 సెంటీమీటర్ల చెక్కల మీదికి ఎక్కించి, నెమ్మదిగా ముందుకి జరిపి దింపు, పక్క నుంచి ఫోన్‌లో వీడియో తియ్యి. శరీరం కిందికి వచ్చి, ఒకసారి పైకి లేచి, కొద్దిగా దిగి ఆగిపోవాలి. మూడు నాలుగుసార్లు ఊగితే పట్టు చాలలేదు. అసలు తిరిగి లేవకుండా బరువుగా కూర్చుంటే ఎక్కువైంది.

సీళ్ళ గురించి కూడా ఒక మాట. మామూలు జాకీలకి వేసే పీయూ (పాలీయురెథేన్) సీళ్ళు ఆయిల్‌ని బాగా ఆపుతాయి కానీ రాడ్‌ని గట్టిగా పట్టుకుంటాయి. చిన్న చిన్న గతుకులకి సిలిండర్ కదలదు, టైరే నలుగుతుంది. కొత్త సిమెంటు రోడ్డు మీద కూడా సన్నగా జివ్వుమని అదురుంటే అనుమానించాల్సింది దీన్నే. టెఫ్లాన్ రకం సీళ్ళు అడుగు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతాయి, ధర ఎక్కువే. సిలిండర్ రెండు చివర్లా అన్ని వైపులా వాలే బంతి బేరింగు కన్ను ఉండాలి, ఉత్త పిన్ను ఉంటే యాక్సిల్ వంగినప్పుడల్లా రాడ్ పక్కకి ఒత్తుకుని సీలుని ఒక వైపు కోసేస్తుంది. రాడ్ మీద రబ్బరు తొడుగు తప్పనిసరి, మన ఊరి దుమ్ముకి క్రోమ్ గీతలు పడడానికి ఒక వానాకాలం చాలు.

ఇప్పుడు ప్రచార రథం సంగతి చెప్పాలి. ఎన్టీఆర్ చైతన్య రథం రోజుల నుంచి మనకి ఎన్నికలంటే బండి మీద నాయకుడు నిలబడాల్సిందే. చాలా ఏళ్ళ కిందట ఒక ఎన్నికల సీజన్‌లో అలాంటి బండికి నేను ఇదే పని చేశాను. డబ్బు ఆదా చేద్దామని వెనక ఎడమ, కుడి సిలిండర్లు రెంటినీ కలిపి ఒకే పెద్ద అక్యుములేటర్‌కి ఇచ్చాను. తిన్నగా పోతే పట్టులా ఉంది. మొదటి మలుపులోనే బండి ఒక పక్కకి ఒరిగి, ఇక ఆగలేదు. బయటి సిలిండర్‌లోని ఆయిల్ లోపలి దాంట్లోకి పోతుంటే ఆపేది ఏముంది? పైన నిలబడ్డవాళ్ళు రెయిలింగ్ పట్టుకుని వేలాడారు. పడలేదు, అది వాళ్ళ అదృష్టం, అంతకన్నా ఎక్కువ నా అదృష్టం. ఆ రాత్రే విప్పి విడివిడిగా పెట్టాను.

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ నుంచి పెద్ద పెద్ద యంత్రాలు మోసుకుపోయే బహుళ చక్రాల ట్రైలర్లు చూశావు కదా. వాటిలో సిలిండర్లన్నీ గుంపులుగా కలిపి ఉంటాయి. ఒక చక్రం గుంతలో పడితే ఆయిల్ అటు పోయి, బరువు అన్నిటి మీదా సమానంగా ఉంటుంది. కానీ ఆ గుంపులు మూడో నాలుగో చోట్ల విడిగా ఉంటాయి, పైగా నడక వేగంతో పోతాయి. అది చూసి మనం 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఎడమ, కుడి కలపకూడదు. నీ పంపు లైన్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి, బండి నడుస్తున్నప్పుడు ఏ వాల్వు గుండా కూడా ఒక వైపు ఆయిల్ రెండో వైపుకి చేరకూడదు. మూత బిగుతుగా కూర్చుని ఆయిల్‌ని పూర్తిగా ఆపే పాపెట్ రకం వాల్వులే వాడు. లోపల కడ్డీ జరిగే స్పూల్ వాల్వు కొద్దికొద్దిగా కారుతుంది, పొద్దున లేచి చూస్తే బండి ఒక మూల కుంగి ఉంటుంది.

క్యారవాన్ ఎత్తుకి, ఈ మెత్తదనానికి యాంటీ రోల్ బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) రెండు యాక్సిళ్ళకీ వేయించు. వెనక సిలిండర్లు డబుల్ టైర్ల వల్ల ఛాసిస్ లోపలికి వచ్చి ఉంటాయి, వాటి మధ్య దూరం సగమైతే ఒరగకుండా ఆపే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. వీలైనంత బయటికి జరుపు.

బ్రేకుల సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. చాలా బండ్లకి వెనక యాక్సిల్ దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది, ఒక చిన్న లింకుతో. కమాన్ పట్టీలు కుంగితే బరువుందని అర్థం చేసుకుని వెనక బ్రేకు పెంచుతుంది. నీ హైడ్రాలిక్‌లో పంపుతో ఎత్తు సరిచేస్తావు కాబట్టి ఎంత బరువున్నా బండి ఒకే ఎత్తులో ఉంటుంది. దాంతో ఆ వాల్వు బండి ఎప్పుడూ ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. ఎత్తు పెంచి నడిపితే ఇంకా అన్యాయం. నీ ఛాసిస్‌కి అది ఉందో లేదో ఇవాళే చూడు. ఉంటే బ్రేకులు తెలిసినవాళ్ళతో, నిండు బరువుకి సరిపోయేలా మళ్ళీ సెట్ చేయించేదాకా బండి బయటికి తీయకు. ఇందులో మొహమాటం వద్దు.

నైట్రోజన్ నింపించేటప్పుడు ముందు ఆయిల్ వైపు ప్రెషర్ పూర్తిగా సున్నా చేయాలి, అప్పుడే గేజ్ నిజం చెబుతుంది. టైర్ షాపు నైట్రోజన్‌తో ఈ పని కాదు, దాని ప్రెషర్ ఎక్కడ, మన 60 బార్ ఎక్కడ. 150 బార్ సిలిండర్, రెగ్యులేటర్, చార్జింగ్ కిట్ ఉన్నవాడి దగ్గరికే పో. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం దగ్గరికి రానివ్వకు, ఆయిల్ తగిలితే పేలుతుంది. వెల్డింగ్ షాపుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రంగు చూసుకో. డయాఫ్రమ్ గుండా గ్యాసు నెమ్మదిగా పోతూనే ఉంటుంది, మొదట్లో మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి చూపించు.

ఎండకి ఎత్తు మారుతుంది, కంగారు పడకు. జనవరి పొద్దున 15 డిగ్రీల దగ్గర సెట్ చేసిన బండి కింద మే నెల మధ్యాహ్నం 55 దాకా వేడెక్కితే గ్యాసు దాదాపు 14 శాతం పెరుగుతుంది. వెనక 0.45 లీటర్లకి అది 60 సీసీకి పైన, అంటే బండి 3 సెంటీమీటర్లు లేస్తుంది. లీకు అనో, పంపు తనంతట తనే ఆడుతోందనో విప్పకు. కాస్త ఆయిల్ వదిలితే సరి. ఆటోమేటిక్ లెవెలింగ్ పెట్టుకునేటట్టయితే అది పది, ఇరవై సెకన్లు ఆగి స్పందించేలా ఉండాలి, ప్రతి గతుక్కీ కాదు.

షూటింగ్ స్పాట్‌లో ఆపినప్పుడు లోపల మనుషులు నడుస్తుంటే బండి ఊగుతుంది. సిలిండర్‌కీ అక్యుములేటర్‌కీ మధ్య పెద్ద రంధ్రం ఉన్న బాల్ వాల్వు పెడితే, మూసేయగానే బండి ఇల్లులా నిలబడుతుంది. నిజం చెప్పాలంటే ఈ ఒక్క సుఖం లేకపోతే నేను నీకు బస్సుల్లో వాడే ఎయిర్ బెలోస్ (స్ప్రింగ్‌లా పనిచేసే గాలి తిత్తులు) పెట్టుకోమనే చెప్పేవాణ్ణి, తక్కువలో అయిపోయేది. కానీ ఆ వాల్వు మూసి ఉంటే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు, బజర్ రావాలి. నా దగ్గర చేయించుకున్న ఒక బండి డ్రైవర్ మర్చిపోయి అలాగే ఫిల్మ్ సిటీ నుంచి బయల్దేరాడు. హయత్‌నగర్ చేరేలోపు పై మౌంటు వెల్డింగ్ ఊడింది.

పని చేసేటప్పుడు ఛాసిస్ కింద ఇనప స్టాండ్లు పెట్టకుండా ఎవరూ కిందికి దూరొద్దు. లీకు చెయ్యి పెట్టి వెతకొద్దు, అట్ట ముక్క పెట్టి చూడు. 100 బార్ ఆయిల్ సన్న రంధ్రం నుంచి చర్మం కిందికి దూరితే చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, ఆలస్యం చేస్తే వేలు తీసేయాల్సి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కాగితాల గురించి కూడా అడిగావు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. ఇంకో రూపాయి ఖర్చు పెట్టకముందే ఆర్టీఏలో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా కనుక్కో. ప్రమాదం జరిగాక కనుక్కుంటే ఉపయోగం లేదు.

చివర్లో ఏ ఆయిల్ వాడాలి అన్నావు. మన ఎండలకి వీజీ 46 (చిక్కదనం గ్రేడు) హైడ్రాలిక్ ఆయిల్. ఇప్పుడున్నది ఏమిటో తెలియకపోతే పూర్తిగా దించి, ట్యాంకు కడిగి పొయ్యి, కలపకు. ఎడమ, కుడి విడిగా తూయించిన చీటీ వచ్చాక అంకెలు నాకు పంపించు, నైట్రోజన్ ఎంతెంత పెట్టాలో అప్పుడు సరిగ్గా లెక్క వేసి చెబుతాను.